నూరు డోసుల సీసా

మా బాతుకు టీకా వేయించడానికి నేనూ మా అమ్మాయీ పశువుల ఆసుపత్రికి మూడుసార్లు వెళ్ళాం. మూడుసార్లూ ఒకటే జవాబు. బాతుల ప్లేగు టీకా సీసా నూరు డోసులది. ఒకసారి మందు కలిపితే రెండు గంటల్లో వాడెయ్యాలి, లేకపోతే పారబోయాలి. ఒక్క బాతు కోసం సీసా కలపరు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ జవాబులో తప్పేమీ లేదు. చెప్పిన తీరులో ఉంది. కాంపౌండరు మా అమ్మాయి చంకలో ఉన్న బాతును ఎగాదిగా చూసి, "నేడో రేపో కూరకొచ్చేదే గదమ్మా, దీనికి సూదెందుకు?" అన్నాడు. వరండాలో గేదెల్ని పట్టుకుని నిలబడ్డ వాళ్ళంతా నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. బాతు మెడ మీద చెయ్యి వేసి, "ఇది కూరకు కాదండీ" అంది.

ఆ నవ్వు నేను మర్చిపోలేదు. నాకు మరుపు తక్కువ, అదొక జబ్బు. ఎవరు ఏనాడు ఏ మాట అన్నారో, అన్నప్పుడు ఏ చొక్కా తొడుక్కుని ఉన్నారో కూడా చెప్పగలను. ఆ రోజు కాంపౌండరుది నీలం గళ్ళ చొక్కా, జేబు దగ్గర సిరా మరక. ఇలా గుర్తుపెట్టుకోవడం వల్ల నాకు జీవితంలో ఒరిగింది లేదు. కోపం మాత్రం ఎప్పుడూ తాజాగా ఉంటుంది. ఆ కోపం ఒక ప్రాణాన్ని ఎలా తీసిందో రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

నేను బందరు కాలవ మీద లాకుల దగ్గర లస్కరుగా పనిచేశాను. లాకులంటే తెలియని వాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు కాబట్టి చెబుతాను. కాలవలో పై నీరు ఎత్తుగానూ కింది నీరు పల్లంగానూ ఉన్న చోట, పడవలు దాటడానికి రాతితో పెద్ద తొట్టి కట్టి, అటూ ఇటూ తలుపులు పెడతారు. కింది నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరాక ముందు కింది తలుపులు మూయాలి. తర్వాత పై నీరు కొద్దికొద్దిగా వదిలి తొట్టి నింపాలి. రెండు నీళ్ళూ సమానమయ్యాకే పై తలుపులు తీయాలి. ఈ వరస తప్పితే పడవ తిరగబడుతుంది, మనుషులు పోతారు. నేను పనిలో చేరిన కొత్తలో వడ్ల పడవలు, గడ్డి పడవలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. పడవ వాళ్ళు తొందరపెట్టేవాళ్ళు, బూతులు తిట్టేవాళ్ళు. నేను వరస తప్పలేదు. తొంభైలు వచ్చేసరికి పడవలు పోయాయి. షట్టర్లు ఎత్తడం, దించడం, అడ్డం పడిన గుర్రపుడెక్కను కొక్కెంతో లాగి గట్టు మీద వెయ్యడం, ఇంతే మిగిలింది పని. కానీ వరస అనేది నా ఒంట్లో ఇంకిపోయింది. ఏ పనికైనా ముందొకటి ఉంటుంది, తర్వాతొకటి ఉంటుంది, తొందరపెట్టేవాడు తెలివితక్కువవాడు అని నా నమ్మకం.

ఇంకో నమ్మకం అచ్చు మీద. మూడో తరగతితో బడి మానేశాను. నీటి మట్టం రోజూ రిజిస్టరులో రాయాలి కాబట్టి అంకెలు పట్టుబడ్డాయి. పకోడీలు కట్టిచ్చిన కాగితాలు చదువుతూ అక్షరాలు గట్టిపరుచుకున్నాను. తర్వాత ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉండేది, దాంట్లో బీరువా తర్వాత బీరువా చదివాను. రైతుల అర్జీలు నేనే రాసిపెట్టేవాణ్ణి. ఒకసారి తనిఖీకి వచ్చిన ఇంజనీరు గారు నా అర్జీ చూసి, "ఇది రాసింది ఏ ప్లీడరయ్యా?" అని అడిగాడు. నేనే అని చెప్పినప్పుడు ఆయన నా ఖాకీ నిక్కరు వంక చూసిన చూపు కూడా గుర్తుంది. అచ్చులో ఉన్న మాట మీద నాకున్న గురి దేవుడి మీద కూడా లేదు. బడిలో చదువుకున్నవాళ్ళకు పుస్తకం మీద అనుమానం వస్తుందట. నాకు ఎప్పుడూ రాలేదు.

మా ఆవిడ అమ్మాయికి పదేళ్ళప్పుడు పోయింది. లాకుల పక్కన రెండు గదుల క్వార్టర్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. అమ్మాయికి ఎడమ కాలు పోలియో. తొడ మీద చెయ్యి ఆనించి, ఒంగి నడుస్తుంది. కాలితో తొక్కే మిషను ఆమెకు కుదరదు కాబట్టి, పదో తరగతి పాసయ్యాక చేతి మిషను కొనిచ్చాను. కుడి చేత్తో చక్రం తిప్పుతూ, ఎడం చేత్తో గుడ్డ జరుపుతూ జాకెట్లు కుట్టేది. పని బాగుంటుందని పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు.

బాతు ఎలా వచ్చిందంటే, సార్వా కోతలైపోయాక ప్రతి ఏటా నెల్లూరు వైపు నుంచి బాతుల మందలు వస్తాయి. కోసిన చేలల్లో రాలిన గింజలు, పురుగులు, నత్తలు తింటూ ఊరి మీద ఊరు దాటుతుంటాయి. ఒక ఏడు మంద వెళ్ళిపోయాక కాలవ గట్టున తూటికాడల్లో ఒక పిల్ల మిగిలిపోయింది. మా అమ్మాయి దాని అరుపు విని గట్టు దిగలేక దిగి, పట్టుకొచ్చింది. మరుసటి ఏడు అదే మంద వచ్చినప్పుడు, పెరిగిన బాతును తీసుకెళ్ళి బాతులాయనకు ఇవ్వబోయింది. ఆయన దాన్ని కింద వదిలి చూశాడు. అది మంద వైపు పోకుండా మా అమ్మాయి కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడింది. "నీ చేతికి మరిగిందమ్మా ఇది. నా మందలో ఇముడుద్దా? నువ్వే ఉంచుకో" అన్నాడాయన.

గోధుమ రంగు నాటు బాతు. గొప్ప అందగత్తె ఏమీ కాదు. మిషను చక్రం తిరగడం మొదలుపెట్టగానే ఎక్కడున్నా వచ్చి మిషను బల్ల కింద కూర్చునేది. కత్తిరించి పడేసిన గుడ్డ ముక్కల్లో గుడ్డు పెట్టేది. అమ్మాయి కొట్టుకు బయల్దేరితే ముందు నడిచేది. నాలుగడుగులు వేసి ఆగి, మెడ తిప్పి చూసి, ఆమె వచ్చాక మళ్ళీ నాలుగడుగులు. మనుషుల్లో ఎవరూ అలా ఆగగా నేను చూడలేదు. ఆమెతో నడిచేవాళ్ళు ముందుకు వెళ్ళిపోయి, తర్వాత గుర్తొచ్చి నొచ్చుకునేవాళ్ళు. నేనూ అంతే.

దానికి రెండేళ్ళు దాటాక ఆ చలికాలంలో కబురొచ్చింది, కంకిపాడు వైపు బాతులకు జబ్బు తగిలిందని. అమ్మాయికి నిద్ర పట్టలేదు. ఆసుపత్రికి మూడుసార్లు తిరిగింది అందుకే. మూడోసారి తిరిగొస్తుంటే రిక్షాలో, "పోనీ నాన్నా, నూటికి తక్కువైన బాతుల్ని ఎక్కడి నుంచి తెద్దాం?" అంది. నాకు ఒళ్ళు మండింది. "నూరు బాతులున్నవాడికే ప్రాణం గానీ ఒక్క బాతున్నవాడికి కాదా? మనుషుల మందులూ ఇలాగే అమ్ముతారా వీళ్ళు?" అని రిక్షా అతను వెనక్కి తిరిగి చూసేటట్టు కేకలేశాను.

టీకా దొరకలేదు కాబట్టి నా చేతనైనది నేను మొదలుపెట్టాను. గ్రంథాలయంలో కోళ్ళ పెంపకం మీద ఒక పుస్తకం ఉండేది. చివర్లో బాతుల గురించి రెండే పేజీలు. అది తెచ్చి నాలుగుసార్లు చదివాను. కాలవలో తిరిగే బాతులకు నత్తల వల్ల కడుపులో పురుగులు పడతాయి. పురుగులున్న ఒంటికి టీకా సరిగా అంటదు. అందుకని ముందు పురుగుల మందు పట్టించి, పది రోజులాగి, అప్పుడు టీకా వెయ్యాలి. ఆ పుస్తకం చెప్పింది ఇది. చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ముందు కింది తలుపులు, తర్వాత పై తలుపులు. ఇది నాకు తెలిసిన భాషే.

ఉయ్యూరులో మందుల షాపులో పురుగుల సిరప్పు కొన్నాను. మోతాదు బరువును బట్టి కాబట్టి బాతును సంచిలో వేసి కిరాణా కొట్టుకు తీసుకెళ్ళాం. కొట్టాయన తక్కెడలో పెడుతూ, "కందిపప్పు తూచే తక్కెడండీ ఇది, రెట్ట వేస్తే ఎవరు కడుగుతారు?" అన్నాడు. "నేను కడుగుతానులే బాబాయ్" అంది మా అమ్మాయి. బాతు రెట్ట వేసింది. ఆమె కడిగింది. ఆ వారమంతట్లో ఆమె నవ్విన సందర్భం అదొక్కటే.

ఇంటికొచ్చాక మందు పట్టించాం. అమ్మాయి ఒళ్ళో పెట్టుకుని ముక్కు తెరిచి పట్టుకుంది, నేను చిన్న గొట్టంతో పోశాను. అది గింజుకుంది, సగం బయటికి చిమ్మింది.

"వద్దంటోంది నాన్నా."

"అదేమన్నా చెబుతుందా? సరిగ్గా పట్టుకో" అన్నాను.

మిగతా సగం పోశాను. మింగింది.

ఆ సాయంత్రమే బాతులాయన సైకిలు మీద వచ్చాడు. ఆయన మంద మా ఊరి బయట చేలల్లో దిగి అప్పటికి నాలుగు రోజులు. "రేపు పొద్దున్నే మా మందకి సూదులేస్తన్నారయ్యా. కాంపౌండరు ఒస్తన్నాడు. పాపని బాతుని ఎత్తుకోని రమ్మను. అంత మందలో ఒక సూది ఎక్కువా?" అన్నాడు.

మా అమ్మాయి మొహం చూడాలి అప్పుడు. నేను మాత్రం, "రేపు కుదరదయ్యా, ఇవాళే పురుగుల మందు పట్టించాం. పది రోజులాగాలి" అన్నాను. ఆయన అర్థం కానట్టు చూశాడు. "పది రోజులకి మేం ఏ ఊళ్ళో ఉంటామో ఏందో" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే అమ్మాయి బాతును చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఊరికే వెళ్ళి కనుక్కుందాం నాన్నా" అంది. కాదనలేక వెళ్ళాను.

కోసిన చేలో వల కట్టి మందనంతా ఒక మూలకు తోలారు. కాంపౌండరు ఇటుకల మీద కూర్చున్నాడు. పక్కన ఐసు ఫ్లాస్కు, సీసాలు. బాతులాయన మనుషులు ఒక్కొక్క బాతునూ రెక్కలు పట్టి అందిస్తుంటే, తోలు లాగి సూది పొడిచి వదిలేస్తున్నాడు. మాటల్లోనే పదులకొద్దీ అయిపోతున్నాయి. మా అమ్మాయిని చూసి చెయ్యి చాపాడు.

"రామ్మా, తీసుకొచ్చావుగా. ఇటివ్వు, పొడిచేద్దాం."

"ఆగండి" అన్నాను. "దానికి నిన్ననే పురుగుల మందు పట్టించాం. పది రోజుల దాకా టీకా వెయ్యకూడదు."

"ఏం కాదండీ లస్కరు గారూ. ఆ మందు మందే, ఈ సూది సూదే."

"పుస్తకంలో అలా లేదు."

"ఏ పుస్తకంలోనండీ?"

"మీరు చదవని పుస్తకంలో" అన్నాను.

వల పట్టుకున్నవాళ్ళు నవ్వారు. ఈసారి నవ్వు ఆయన మీద. నీలం గళ్ళ చొక్కా రోజున నేను మింగిన అవమానమంతా ఆ ఒక్క మాటతో దిగిపోయినట్టనిపించింది. దాచుకోవడమెందుకు, చాలా హాయిగా ఉంది నాకు. ఆయన మొహం ముడుచుకుని పక్క బాతును అందుకున్నాడు.

మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "వేయించేద్దాం నాన్నా" అంది మెల్లగా. నేను ఇంటి వైపు అడుగేశాను. అప్పుడంది, "నాకు కూడా చుక్కలు జ్వరం తగ్గాక వేయిద్దామన్నారంట గదా."

అది నిజమే. ఆమె పసిపిల్లప్పుడు పోలియో చుక్కలు వేసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చిన రోజున ఆమెకు ఒళ్ళు వెచ్చగా ఉంది. జ్వరం తగ్గాక వచ్చే నెల వేయిద్దామన్నారు. వచ్చే నెల వాళ్ళు రాలేదు, ఆ తర్వాతి నెల జబ్బే వచ్చింది. ఆ ఆరోగ్యశాఖ వాళ్ళను నేను జీవితమంతా తిడుతూనే ఉన్నాను. ఎన్ని అర్జీలు రాశానో లెక్కలేదు. ఆ మాట వినగానే నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. నాకు మాత్రం చురుక్కుమంది. నా కూతురు నన్ను ఆ వచ్చిపోయినవాళ్ళ పక్కన నిలబెట్టినట్టనిపించింది.

"అదీ ఇదీ ఒకటేనా? వాళ్ళకు చదువు లేదు. పద ఇంటికి" అన్నాను.

ఆమె బాతును చంకలో సర్దుకుని నా వెనకే నడిచింది. మేము గట్టెక్కుతుండగా వెనక్కి తిరిగి చూశాను. మంద అయిపోయింది. కాంపౌండరు చివరి సీసాలో మిగిలిన మందు ఉన్న సిరంజిని పైకెత్తి మా వైపు చూపించాడు. వేయమంటారా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన దాన్ని గట్టు మీద మట్టిలోకి పారబోశాడు.

పది రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బాతును కాలవలోకి వదలొద్దన్నాను. పెరట్లో గంప కింద పెట్టి, పక్కన సిమెంటు తొట్టిలో నీళ్ళు పోశాం. పుస్తకంలో ఉన్న జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నా ధీమా. ఆ తొట్టిలో పోసినవి కాలవ నీళ్ళే. మా ఇంట్లో వాడకానికి ఇంకే నీళ్ళున్నాయి కనక. అది రోజూ కళ్ళతో చూస్తూ కూడా నాకు తట్టలేదు.

ఆరో రోజు పొద్దున షట్టర్ల దగ్గర గుర్రపుడెక్కతో పాటు చచ్చిన బాతులు వచ్చి తట్టుకున్నాయి. పైన ఎక్కడో టీకాలు వేయించని ఇంకెవరిదో మంద. చచ్చినవాటిని పూడ్చకుండా కాలవలో పడేశారు. కొక్కెంతో లాగి గట్టు మీద వేశాను. కళ్ళు అంటుకుపోయి, ఈకలు రెట్టతో తడిసి ఉన్నాయి. పద్నాలుగు. గొయ్యి తీసి పూడ్చి, చేతులు కాళ్ళు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని ఇంటికి వెళ్ళాను. తొట్టిలో నీళ్ళు పారబోయించాను. ఇక పది రోజుల లెక్క నాకు గుర్తు రాలేదు. వరసా గుర్తు రాలేదు. అప్పటికప్పుడు ఆసుపత్రికి పోతే టీకా స్టాకు లేదన్నారు, బెజవాడలో ఉంటుందన్నారు.

మర్నాడు మొదటి బస్సుకు బెజవాడ వెళ్ళాను. పశుసంవర్ధక శాఖ ఆఫీసు తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాను. స్టోరు చూసే ఆయన పెద్దమనిషే. "ఎన్ని బాతులండీ?" అని అడిగాడు. "నూరు" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక కాగితం మీద గానీ నోటితో గానీ నేను ఆడిన పెద్ద అబద్ధం అదొక్కటే. సీసా చేతిలో పెట్టాడు. చిన్న గాజు సీసా, అడుగున అరిగిన కర్పూరం బిళ్ళలా తెల్లటి మందు. చేపల మార్కెట్టు దగ్గర ఐసు కొట్టించుకుని ఫ్లాస్కులో నింపి, దాంట్లో సీసా పెట్టుకుని బస్సెక్కాను. చెరుకు ఫ్యాక్టరీ ఆడే రోజులు. దారంతా చెరుకు బళ్ళు, ట్రాక్టర్లు అడ్డం. బస్సు పది గజాలు కదలడం, ఆగడం. కండక్టరు, "ఏంటి పెద్దాయనా, ఫ్లాస్కులో కాఫీయా? చల్లారిపోద్ది, తాగెయ్యండి" అన్నాడు. నేను మూత మీద చెయ్యి తియ్యలేదు.

దారిలో దిగి కాంపౌండరును బతిమాలుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. నన్నూ ఫ్లాస్కునూ చూసి ఆయన లేచాడు. సిరంజి పెట్టె తీసుకుని తన మోపెడ్ వెనక నన్ను ఎక్కించుకున్నాడు.

మేము వెళ్ళేసరికి గంప తీసి ఉంది. మా అమ్మాయి గోడకు చేరగిలబడి బాతును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాని రెండు కళ్ళ నుంచీ నీరు కారుతోంది. వెలుతురు వైపు మొహం పెట్టడం లేదు, తల తిప్పి ఆమె పైట కిందికి దూర్చుకుంటోంది. కాంపౌండరు కూర్చుని, రెప్ప ఎత్తి చూశాడు, వెనక ఈకలు చూశాడు. ఫ్లాస్కు వైపు మాత్రం చెయ్యి చాపలేదు.

"తగిలాక టీకా పనిచెయ్యదండీ లస్కరు గారూ" అన్నాడు.

అంతే అన్నాడు. పుస్తకం మాట ఎత్తలేదు, ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిస్తే నాకు తిరిగి అనడానికి ఏదో ఒకటి దొరికేది.

ఆయనే మళ్ళీ, "ఐసు ఇంకా కరగలేదు. ఊళ్ళో ఎవరెవరి దొడ్లో బాతులున్నాయో పిలుచుకురండి. వాటికన్నా వేద్దాం" అన్నాడు. నేను అమ్మాయి వంక చూశాను. "వెళ్ళు నాన్నా" అంది.

మసీదు వెనక వీధిలో నాలుగైదిళ్ళ వాళ్ళకు బాతులుండేవి, చెరువు గట్టున ఇంకొందరికి. మసీదు అరుగు మీద కూర్చుని సీసా కలిపాడు కాంపౌండరు. ఆడవాళ్ళు బుట్టల్లో, కొంగుల్లో పెట్టుకుని తెచ్చారు. నేను ఒక్కొక్కదాన్నీ రెక్కలు పట్టుకుని అందించాను. బాతు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో పట్టుకుంటేనే తెలుస్తుంది. వాటిలో ఒక్కటీ మా బాతు కాదు. ఒకావిడ, "మీరు మా కోసం బెజవాడ దాకా పోయొచ్చారంట, మీ మేలు మర్చిపోమండీ" అంది. నేను ఇంకో బాతు ఇవ్వమని చెయ్యి చాపాను.

పొద్దు వాలాక ఇంటికి వెళ్ళాను. బాతు మీద కొత్త జాకెట్టు గుడ్డ కప్పి ఉంది.

"ఎన్నిటికి వేశారు?" అని అడిగింది మా అమ్మాయి.

"నలభై పైనే."

"మంచిదే" అంది.

సున్నం చల్లి లోతుగా పూడ్చమని కాంపౌండరు చెప్పి వెళ్ళాడు. కాలవ గట్టు కింద అలాగే చేశాను. గట్టు దిగడానికి నా చెయ్యి అందించబోతే ఆమె పట్టుకోలేదు. తొడ మీద చెయ్యి ఆనించుకుని తనే దిగింది.

ఆ తర్వాత మా ఇంట్లో బాతు మాట లేదు. పై ఏడు బాతులాయన రెండు పిల్లల్ని తెచ్చి ఇస్తే, "వద్దండీ" అని మంచినీళ్ళిచ్చి పంపింది. నేను మాత్రం ఊరుకోలేదు. నూరు డోసుల సీసాల మీద పెద్ద పోరాటమే చేశాను. పది డోసుల సీసాలు చెయ్యండి, ఒకటీ రెండూ పెంచుకునే పేదవాళ్ళ సంగతి ఆలోచించండి అని పశుసంవర్ధక శాఖకు అర్జీ మీద అర్జీ రాశాను. బస్సులో, టీ కొట్టులో, ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పాను. చెప్పినప్పుడల్లా కథ ఆసుపత్రి వరండాతో మొదలై, షట్టర్ల దగ్గర చచ్చిన బాతులతో ముగిసేది. మధ్యలో చేలో జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకు నాకే అది జరగనట్టు అనిపించసాగింది. అమ్మాయి మిషను తిప్పుతూ వినేది. ఆమె మౌనం చూసి, నన్ను క్షమించలేదని అనుకునేవాణ్ణి. క్షమించలేదనుకుంటే ఇంకా గట్టిగా శాఖను తిట్టేవాణ్ణి.

రిటైరయ్యాక బెజవాడ శివార్లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఏళ్ళు గడిచాయి. గన్నవరంలో పశువైద్యం చెప్పే కాలేజీ ఉందని, ఎవరు ఏ జంతువును తీసుకెళ్ళినా చూస్తారని విన్నాను. ఒక పొద్దున ఏ జంతువూ లేకుండా నేనొక్కణ్ణే బస్సెక్కి వెళ్ళాను. ఎందుకెళ్ళానో అమ్మాయికి చెప్పలేదు. ఒక చిన్న డాక్టరమ్మ వరండాలో మేకపిల్లకు కట్టు కడుతోంది. అయ్యేదాకా నిలబడ్డాను.

"చెప్పండి తాతగారూ, ఏం తీసుకొచ్చారు?"

"ఏం తేలేదమ్మా. ఒక సందేహం. బాతుకు పురుగుల మందు పట్టించిన మర్నాడే ప్లేగు టీకా వేస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదండీ. తీరిక ఉంటే ముందు పురుగుల మందు పట్టించి, కొన్నాళ్ళాగి టీకా వేస్తే మంచిదే. కానీ చుట్టుపక్కల జబ్బు తిరుగుతుంటే ఆగకూడదు. వెంటనే వేసెయ్యాలి. మామూలుగా పట్టించే పురుగుల మందు చాలా తేలికైనది, దానివల్ల ఏ ఇబ్బందీ రాదు."

"ఆగితే?"

ఆ పిల్ల నా మొహం చూసి, చేతిలో దూది పక్కన పెట్టింది. "మీ బాతాండీ?" అంది.

"మా అమ్మాయిది" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అమ్మాయి మిషను దగ్గరుంది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "గన్నవరం వెళ్ళొచ్చాను" అన్నాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. మందు పట్టించిన మర్నాడు టీకా వేసినా ఏమీ అయ్యేది కాదని. ఆ పురుగుల మందు తేలికైనదని, దానివల్ల ఏ ఇబ్బందీ రాదని.

చక్రం మీద ఆమె చెయ్యి ఆగింది.

"అయితే మందు వల్ల కాదా?" అంది.

"ఏది?"

"అది పోవడం. నేను ముక్కు తెరిచి పట్టుకున్నాను గదా. గింజుకుంటుంటే గట్టిగా నొక్కిపట్టాను. ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో, దాంతోనే నీరసించిపోయి జబ్బు పట్టుకుందేమో అనుకున్నా."

"ఇన్నేళ్ళూనా?"

"ఊఁ."

"నన్నడగొచ్చు గదమ్మా."

"నిన్నేం అడగను నాన్నా? అడిగితే డిపార్టుమెంటు మీదికి పోయేవాడివి."

నేను అక్కడే గడప మీద కూర్చున్నాను. ఆమె నా మీద పెట్టుకున్న కోపం అనుకుంటూ ఇన్నేళ్ళూ నేను మోసింది, ఆమె తన చేతుల మీద పెట్టుకున్న నేరం. నేను లోకానికంతా ఆ కథ చెబుతుంటే, నా ఇంట్లో ఒక మనిషి కుడుతూ కూర్చుని, ప్రతిసారీ తను పట్టుకున్న ఆ ముక్కు దగ్గరే ఆగిపోతూ ఉంది.

"నీ చేతిలో తప్పేమీ లేదమ్మా" అన్నాను. "ఆ రోజు చేలో సూది వేయించి ఉంటే అది బతికేది. నువ్వు వేయిద్దామన్నావు. కాంపౌండరు వేస్తానన్నాడు. వద్దన్నది నేను. పుస్తకం కోసం కూడా కాదు. ఆయన మీద కోపంతో."

ఆ మాట నోటితో అనడం నాకు అదే మొదటిసారి. వింటున్న మనిషి ఏమంటుందో అని చూశాను.

"అలాగా" అంది.

రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చుంది. సూది కింద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది. కాసేపటికి ఆమె భుజాలు కదలడం చూశాను. దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలియక గడప మీదే ఉండిపోయాను.

ఆ రోజు ఇక ఆమె మిషను తిప్పలేదు. వంట నేను చేశాను.